చాటన్ సారు బీడీలు

అక్టోబరు 19

డాక్టరు రాయమన్నాడు. నొప్పి ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ, రోజూ ఒక ముక్క రాసి పదిహేను రోజులకోసారి చూపించాలట. పొద్దున ఎక్కువ. మధ్యాహ్నం ఎక్కువ. సాయంత్రం ఎక్కువ. ఆయనకు ఇది చాలు. మిగతాది నా కోసం.

రోడ్డు మీద మక్కజొన్నలు ఎండబోసినవాడి పేరు నాకు తెలుసు. రాయను. మెట్‌పల్లి రోడ్డును వాళ్ల నాయన వేయించినట్టు సగానికి సగం పరిచి, చుట్టూ రాళ్లు పెట్టాడు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. నా బండి మక్కల మీదికి ఎక్కింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. నేను కింద పడ్డాక ఆ మనిషి మొట్టమొదట చేసిన పని చెదిరిన మక్కలు చేత్తో దగ్గరికి తోసుకోవడం. ఆ తర్వాత నన్ను లేపాడు.

జగిత్యాలలో రాడ్డు వేశారు. ఆరు వారాలు కాలు నేలకు ఆనకూడదు.

అక్టోబరు 20

చూడడానికి వచ్చేవాళ్లందరూ ఒకే రకం. బ్రెడ్డు ప్యాకెట్టు తెస్తారు. "ఎట్లైందే?" అంటారు. మొత్తం చెప్పించుకుంటారు. చెప్పడం అయ్యాక, ఇలాగే పడి చివరికి కాలు తీసేసిన ఎవరో బంధువు గురించి చెప్పి, చాయ తాగి వెళ్తారు. ఇప్పటికి పద్నాలుగు బ్రెడ్లు. బ్రెడ్డు నేను తినను.

అక్టోబరు 22

పోశవ్వ అక్క వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో చాట. చాటలో ఆకు, తంబాకు, కత్తెర, దారం.

"చాట ఎందుకు తెచ్చినవ్?" అన్నాను.

"నీ కాలు అతుక్కునేదాక నా కార్డు ఆగుతదారా?"

"నా ఇంట్ల బీడీలు చేసుడు లేదు. నీకెరుకనే."

"అయితే నువ్వే లేసి వండుకో. నేను పోత."

చాట లోపలికి వచ్చింది. మా ఆమె పోయి ఆరేళ్లు. ఆమె ఉన్నప్పుడు కూడా ఈ ఇంట్లో బీడీ ఆకు పడలేదు. కార్ఖానాలో పొద్దుటి నుంచీ చూసేది అదే, ఇంట్లో కూడా ఎందుకని నేనే వద్దన్నాను. చాటన్ చేసేవాడి ఇంట్లో బీడీలు చేస్తే, అవి ఎవరు చూసి పాస్ చేశారని నలుగురూ అడుగుతారు.

ఇరవై రెండేళ్లుగా చాటన్ నా పని. ఆడవాళ్లు బీడీలు కట్టలు కట్టి తెస్తారు. కట్ట విప్పనక్కర లేదు. రెండు వేళ్లతో నొక్కితే లోపల ఎన్ని వదులుగా ఉన్నాయో, ఎన్నింటికి మూతి సరిగా మడవలేదో చెప్తాను. చెడ్డవి తీసి తొట్టిలో వేస్తాను, వాటినే ఛాట్ అంటారు. వాటికి కూలి లేదు, వాపసు లేదు. అన్నీ బాగున్నా వెయ్యికి నలభై తీస్తాను. తీస్తేనే భయం ఉంటుంది. భయం లేకపోతే ఆకులో సగం ఇంట్లో మిగుల్చుకుంటారు. అక్కవి కూడా తీస్తాను. ఆమెవి నలభై నాలుగు తీస్తాను. అక్క అని వదిలాడన్న మాట నాకు రాకూడదు.

అక్టోబరు 23

అక్కకు యాభై ఏడు. పదహారేళ్లప్పటి నుంచీ బీడీలే. అందులో ముప్పై ఏళ్లు ఎవరెవరి కార్డుల మీదనో చేసింది. చేసింది ఈమె, పేరు వాళ్లది, పీఎఫ్ వాళ్లది. సొంత కార్డు చేయించుకోవాలన్న తెలివి లేదు. చివరికి కార్డు వచ్చింది కానీ పింఛను రావాలంటే ఇంకా ఐదు నెలల పని నిండాలి. ఈ ఐదు నెలల్లో కార్డు పోతే ముప్పై ఏళ్లు పోయినట్టే ఇదీ పోతుంది. అందుకే చాట పట్టుకుని వచ్చింది. నా కోసం కాదు.

అక్టోబరు 26

నొప్పి.

అక్టోబరు 29

పక్కింటి శంకరవ్వ మధ్యాహ్నం తన చాట తీసుకుని వస్తుంది. ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చుంటారు. నా మంచం ముందర అర్రలో, గుమ్మానికి ఎదురుగా ఉంది. లేచి పోలేను.

ఇద్దరికీ నోరు ఆగదు. కువైట్ నుంచి వచ్చిన ఒకాయన పెండ్లాం కోసం తెచ్చిన పట్టీలు ఆమె కాలికి పట్టలేదట. పదేళ్ల కిందటి కాలు గుర్తు పెట్టుకుని కొన్నాడట. ఆమె ఆ పట్టీలు... అక్కడ కుక్కర్ కూత పెట్టింది. అక్క లోపలికి పోయింది. వచ్చాక ఇద్దరూ వేరే ముచ్చట ఎత్తుకున్నారు.

నేను వినడం లేదు. వినబడుతుంది.

అక్టోబరు 30

ఆ పట్టీల సంగతి ఇవాళ కూడా పూర్తి చేయలేదు. ఒక ముచ్చట మొదలుపెడితే చివరిదాకా చెప్పడం వీళ్లకు రాదు.

నవంబరు 3

అక్క చేసేటప్పుడు చూశాను. ఇరవై రెండేళ్లలో చేసిన బీడీని చూశాను కానీ చేస్తుండగా ఇంతసేపు చూడలేదు. తడి గుడ్డలో చుట్టిన ఆకు తీసి, అచ్చు రేకు పెట్టి కత్తిరిస్తుంది. ఆకు మీద తంబాకు పోసి, చూపుడు వేలితో సవరించి, చుట్టి, దారం వేసి, మూతి మడుస్తుంది. చేయి చూసుకోదు. శంకరవ్వ మొహం చూస్తూ మాట్లాడుతూనే చేస్తుంది. తప్పులు అందుకే వస్తాయి.

ఆ మాటే అన్నాను. "పని మీద చూపు ఉండాలె. చూడకుంట చేస్తే వదులు కాక ఏమైతయి?"

శంకరవ్వ ఆగింది. "చాటన్ సారుకు చెప్పుడొస్తది. చేసుడొస్తదా?"

"అండ్ల ఏమున్నది?"

"అయితే ఒక్కటి చేయుండ్రి. సూస్తం."

అక్క ఒక ఆకు, చిటికెడు తంబాకు నా అరచేతిలో పెట్టింది. చుట్టాను. తంబాకు రెండు వైపుల నుంచీ దుప్పటి మీద పడింది. శంకరవ్వ నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

"ఇది ఛాటే గదా సారూ?" అంది. "మీ తొట్టి తెచ్చుకుంటిరా?"

ఆమె కార్డు నంబరు నాకు తెలుసు. కాలు బాగయ్యాక చూస్తాను.

నవంబరు 4

అక్క కూరగాయలకు పోయినప్పుడు పనికిరాని ఆకులు కొన్ని తీసుకుని చేసి చూశాను. పని ఎట్లా ఉంటుందో తెలిస్తే చాటన్ ఇంకా బాగా చేయవచ్చు. అందుకే.

పదకొండు చేశాను. పదకొండూ విడిపోయాయి.

నవంబరు 6

ముప్పై. విడిపోలేదు.

నవంబరు 9

ఆకు సరిగ్గా తడిసి ఉంటే చుట్టేటప్పుడు చప్పుడు రాదు. తక్కువ తడిస్తే చిన్నగా చిటుక్కుమంటుంది, ఇరవై దాకా అలా చిటుక్కుమంటే ఆ కట్ట ఆకు మొత్తం మళ్లీ తడపాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేను కనిపెట్టాను. అక్కతో అంటే, "మాకు ఎనిమిదేండ్లప్పుడే ఎరుక" అంది. నిజమో కాదో.

తంబాకు వాసన పొద్దుట ఒక రకం, ఎండ పడ్డాక ఇంకో రకం. దుప్పటికి పట్టేసింది. దారం బిగించి తెంపేటప్పుడు బొటనవేలి కింద సన్నగా కోసుకున్నట్టు అవుతుంది. ఆ చోట చర్మం గట్టిపడింది. దాన్ని చూపుడు వేలితో రుద్దుకుంటూ ఉంటే ఏమీ తోచకపోవడం అన్నది ఉండదు.

శంకరవ్వ ఇవాళ పట్టీల ముచ్చట చివరికి చెప్పింది. ఆమె వాటిని పుట్టింటికి పోయి చెల్లెలికిచ్చి, పోగొట్టుకున్నానని మొగుడికి చెప్పిందట. ఆయన ఊరంతా వెతికాడట. నేను నవ్వాను. ఇద్దరూ నా వైపు చూశారు.

"సారుకు కూడ నవ్వొస్తది," అంది శంకరవ్వ.

దగ్గు వచ్చిందని చెప్పాను.

నవంబరు 11

నూట డెబ్బై. అన్నీ బిగువు. ఒక్కటంటే ఒక్కటి వదులు లేదు. వదులు అన్న మాట నా చేతి బీడీకి రాకూడదు.

అక్క ఒకటి తీసుకుని నొక్కి చూసింది. "గంత గొంతు పిసికినట్టు చేయకురా. పొగ పోవాలె గదా."

ఇరవై రెండేళ్లు చాటన్ చేసినవాడికి నలభై నాలుగు తీయించుకునే మనిషి చెప్తున్నది.

నన్ను చూడడానికి ఎవరైనా వచ్చిన అలికిడి అయితే చాట దుప్పటి కింద పెడుతున్నాను. ఆడవాళ్ల పని చేస్తూ కనిపించడం నాకు ఇష్టం లేదు. చేస్తున్నది పని కాదు అనుకోండి.

నవంబరు 13

కాలు నొప్పి గురించి రెండు వారాలకు పైగా ఏమీ రాయలేదు. నొప్పి ఉంది.

నవంబరు 14

అక్క కార్ఖానాకు పోయి వచ్చింది. వెయ్యిలో నూట ముప్పై తీశారట. నా కుర్చీలో ఇప్పుడు ఓంప్రకాశ్ కూర్చుంటున్నాడు. రెండేళ్ల కింద పనిలోకి వస్తే నేనే నేర్పాను. వాడికి కట్ట పట్టుకోవడం కూడా సరిగా రాదు. బీడీకీ బొగ్గుపుల్లకీ తేడా తెలియదు.

నావి వేరుగా పెట్టమని అక్కతో అన్నాను.

"ఎందుకు? కుప్పల పోయినంక ఎవలియి ఎవలో ఎట్ల తెలుస్తది? నీయి కలుపుకుంటెనే వెయ్యి నిండుతున్నది. నీకు వండుడు, నిన్ను లేపుడు, నీ బట్టలు పిండుడు, నాకు ఎనిమిది నూర్ల కన్న ఎక్కువ అయితలేవు."

సరే. పాపం, నావి కలిస్తే ఆమె కట్టలు కొంచెం బాగుపడతాయి.

నవంబరు 17

రెండు వందల నలభై. శంకరవ్వ కంటే వేగం కాదు కానీ శంకరవ్వ మాట్లాడుతుంది, నేను మాట్లాడను. ఇవాళ మధ్యాహ్నం ముగ్గురం ఏమీ మాట్లాడకుండా ఒక గంట చేశాం. కత్తెర చప్పుడు, ఆకు చప్పుడు. చిన్నప్పుడు కూడా ఇంత తేలికగా గంట గడిచిన గుర్తు లేదు.

ఇట్లాంటి మాటలు రాయడం నాకు అలవాటు లేదు. మందుల ప్రభావం అయి ఉంటుంది.

నవంబరు 21

మళ్లీ తీశారు. నూట అరవై.

"ఓంప్రకాశ్ గానికి కండ్లు లేవు," అన్నాను.

"ఉన్నయిలే," అంది అక్క.

నవంబరు 24

ఓంప్రకాశ్ వచ్చాడు. చాట దుప్పటి కిందికి పోయింది. వాడు మాత్రం బ్రెడ్డు తేలేదు, యాపిల్స్ తెచ్చాడు. కుర్చీ చివర కూర్చున్నాడు. అక్క చాయ పెట్టడానికి పోగానే గొంతు తగ్గించాడు.

"సార్, ఒక మాట చెప్పాలె. మీరు ఏమనుకోవద్దు."

"చెప్పు."

"పోశవ్వ చెయ్యి ఖరాబైంది సార్. సగం కట్ట మంచిగుంటది. సగం కర్రలసుంటి బీడీలు. గుంజితే పొగ రాదు. కొన్నిటికి ఆకు పలిగింది. గంత బిగువు ఎవలన్న చేస్తరా? మేనేజర్ ఒకటి ముట్టించి మూడు పుల్లలు గీసిండు, అంటుకోలే."

దుప్పటిని నడుము దాకా లాక్కున్నాను.

"మూడు వారాలు వరుసగ వెయ్యికి నూరు దాటితే కార్డు కొట్టెయ్యాలె. రూల్ మీరు పెట్టిందే సార్. రెండు వారాలైనయి. గీ వారం కూడ ఇప్పటికే దాటింది. శనివారం నాడు కొట్టెయ్యమన్నడు మేనేజర్. మీ అక్క గదా, ముందుగాల మీకు చెప్పుదామని."

"రూల్ అంటే రూలే," అన్నాను. నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

వాడి మొహంలో బరువు దిగినట్టయింది. "నేను గట్లనే అన్న సార్. లక్ష్మీరాజం సార్ అక్క అని చూడడు అన్న." చాయ తాగి, నా కాలును చూసి తల ఊపి, వెళ్లిపోయాడు. దుప్పటి కింద చాట అంచు నా తొడకు గుచ్చుకుంటూనే ఉంది.

నవంబరు 25

చాట తీసి నా బీడీలు ఒక్కొక్కటే చూశాను. చూడవలసిన తీరులో చూశాను, ఎవరో తెచ్చినట్టు. ఒకటి ముట్టించాను. నాలుగు పుల్లలు.

ఒక వదులు కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా వదులుకు తిట్టాను. బిగువుకు ఎన్నడూ ఎవరినీ తిట్టలేదు, ఎందుకంటే ఇంత బిగువుగా చేసే మూర్ఖుడు నాకు ఎన్నడూ తగల్లేదు.

అక్కను పిలిచాను. "ఇవి గిట్లున్నయని నీకు ఎరుకనేనా?"

"ఎరుకనే."

"మరి ఎందుకు కలిపినవ్?"

"కొన్ని విప్పి మళ్ల చేసిన. అన్ని చేయ చేతకాలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. పొగ పోవాలె అన్న. నువ్వు ఇన్నవా?" చీపురు తీసుకుని మంచం కింద పడ్డ తంబాకు ఊడ్చింది. "చేసుకుంట ఉంటే మూలుగుతలేవు. అన్నం సక్కగ తింటున్నవ్. ఊకున్న."

"కార్డు పోతది."

"విన్న. గోడకు చెవులు లేకున్న నాకు ఉన్నయి."

ఎవరు ఊకొమ్మన్నారు ఈమెను? ఒకరి కాలు నొప్పి కోసం ఎవరైనా పింఛను పోగొట్టుకుంటారా? మా ఇంట్లో తెలివి పంచేటప్పుడు ఈమె ఎక్కడికి పోయిందో. నేను ఎక్కడికి పోయానో.

నవంబరు 27

చాట ముట్టలేదు. కాలు బాగా నొప్పి. ఈ సారి నిజంగానే.

నవంబరు 28

పోయి చెప్పాలి. ఏమని చెప్పాలి? చాటన్ చేసేవాడు ఆడవాళ్లతో గుమ్మంలో కూర్చుని బీడీలు చేశాడని. చేసి, అవి కూడా తీసేసేటట్టు చేశాడని. రేపటి నుంచీ నేను ఒక్క బీడీ తీసినా, లైన్లో ఉన్న ప్రతి ఆడమనిషీ నా మొహం మీదే నవ్వుతుంది. శంకరవ్వ అయితే నోటితో కూడా అంటుంది.

చెప్పకపోతే కాలు బాగయ్యాక నా కుర్చీలో నేను కూర్చుంటాను. అక్క మాత్రం లైన్లో ఉండదు.

నవంబరు 30

ఆటోలో పోయాను. అక్కను రావద్దన్నాను. వచ్చింది. శంకరవ్వ అప్పటికే లైన్లో ఉంది. ఇరవై మంది ఉంటారు. వాకర్ చూసి దారి ఇచ్చారు. ఓంప్రకాశ్ నా కుర్చీలోంచి లేచాడు. నేను అటు పోకుండా బయటివైపు బల్ల మీద కూర్చున్నాను, ఆడవాళ్లు కట్టలు పెట్టే చోట. మేనేజర్ లోపలి నుంచి వచ్చాడు.

"పోశవ్వ కార్డు కొట్టెయ్యకుండ్రి," అన్నాను. "గా కర్రలసుంటి బీడీలు నేను చేసినయి."

మేనేజర్ అక్క వైపు చూసి నా దగ్గరికి వచ్చాడు. "లక్ష్మీరాజం, అక్క కోసం అబద్ధమాడుడు తప్పు కాదు. కని జర నమ్మేటట్టు ఆడాలె."

"అబద్ధం కాదు."

"మీరు బీడీలు చేసుడేంది సార్," అన్నాడు ఓంప్రకాశ్. వాడు సిగ్గుపడుతున్నాడు, నా తరఫున.

"చేసిండు," అంది లైన్లోంచి శంకరవ్వ. "నేను చూసిన. దుప్పటి కింద దాస్తడు కూడ."

అందరూ నవ్వారు. మేనేజర్ కూడా. "నువ్వు పోశవ్వ దోస్తువు. నీ సాక్ష్యం నడువదు."

"అయితే చేసి చూపెట్టుమనుండ్రి," అంది వెనక నుంచి ఇంకెవరో. "చెయ్యే చెప్తది."

అది నేను అనుకుని వచ్చిందే. చేసి చూపిస్తాను, కర్రలాంటిది ఒకటి. అక్క తన చాట నా ముందు పెట్టింది. ఆకు తీశాను. తంబాకు పోశాను. మామూలుగా పోసేదానికంటే ఎక్కువ పోయాలనుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి, అందరూ నా వేళ్లనే చూస్తున్నారు, చేయి నా మాట వినలేదు. తీసుకోవలసినంతే తీసుకుంది. చుట్టేటప్పుడు పిసకాలనుకున్నాను. బొటనవేలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. దారం వేసి మూతి మడిచేసరికి నాకు తెలిసిపోయింది. చూడనక్కర లేదు. లక్షల బీడీలు నొక్కిన వేళ్లు ఇవి.

ఇటువంటి బీడీ చేసే చేయి గల మనిషి ఆ కర్రలు చేశాడంటే ఎవరు నమ్ముతారు? నా చేత్తో నేనే అక్క కార్డు కొట్టేసినట్టయింది.

"ఆగు, ఇంకోటి చేస్త," అన్నాను.

అప్పటికే ఓంప్రకాశ్ దాన్ని తీసుకున్నాడు. మేనేజర్ వైపు చూస్తూ రెండు వేళ్లతో మధ్యలో ఒకసారి నొక్కాడు. బీడీని చూడలేదు. తొట్టిలో పడేశాడు.

"అదే చెయ్యి సార్," అన్నాడు. "గా బీడీలు సార్‌వే."

నోరు తెరిచాను. అక్క నన్నే చూస్తున్నది. మూసుకున్నాను.

మేనేజర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. లైన్ అంతా నవ్వింది. ఎవరో "చాటన్ సారు బీడీ ఛాట్ అయింది" అంటే, అది లైన్ చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి పోయింది. పోశవ్వ కార్డు కొట్టేయకుండా వాపసు ఇచ్చేశారు. ఆ మూడు వారాల ఛాట్ ఆమె లెక్కలో వేయవద్దని మేనేజర్ అన్నాడు.

"మీరు నిమ్మళంగ నడిచేదాక ఇంటికాడనే ఉండుండ్రి," అన్నాడు నాతో. "తొందరేం లేదు. ఓంప్రకాశ్ మంచిగనే చేస్తుండు."

ఆటోలో అక్క కార్డును కొంగు చివర ముడి వేసుకుంది. సగం దూరం పోయాక అంది: "మంచిగ చేసినవ్‌రా."

"ఏం మంచి? ఊరంతా నవ్విరి."

"గది కాదు. గా బీడీ."

"ఊకో. ఆటో ఆయన ఇంటడు," అన్నాను.

డిసెంబరు 1

మధ్యలో నొక్కితే రవ్వంత లోపలికి పోయి మళ్లీ లేచేది. మూతి మడత నాలుగు వైపులా సమంగా ఉంది. దారం ఎక్కడ పడాలో అక్కడ పడింది. ముట్టిస్తే ఒక్క పుల్లకు అంటుకునేది, చివరిదాకా ఆరకుండా కాలేది.

ఓంప్రకాశ్ గాడు చూడనే లేదు. నేను నేర్పినట్టే చేశాడు.

ఎవరికీ చెప్పడానికి లేదు, ఇక్కడ రాసిపెడుతున్నాను. అది తీయాల్సిన బీడీ కాదు.